కారు పక్కన విప్పిన బూట్లు

అకుత్సు మేస్త్రీని నాలుగు గంటలకు దహనం చేస్తారు. నెగిషి మిసావో ఆయన కార్ల షెడ్డు ముందు టాక్సీ దిగేసరికి పన్నెండూ యాభై అయింది. హినోసవ పట్నం నుంచి కొండ మీదికి నలభై నిమిషాలు పట్టింది. అన్నీ మలుపులే, ఎంత తోలినా అంతకంటే ముందు ఎవడూ రాలేడని డ్రైవరు దారంతా సణుగుతూనే ఉన్నాడు. దహనశాల ఉన్నది పట్నంలో, పోలీసు స్టేషను ఉన్నదీ పట్నంలోనే. తిరుగు ప్రయాణం తీసేస్తే ఆమె చేతిలో రెండున్నర గంటలు మిగిలాయి. అరవై ఒక్కేళ్ళ వయసులో, ఒక మోకాలు మొరాయిస్తుండగా, పోలీసులు మూసేసిన కేసును తిరగదోడడానికి అది ఏ మూలకూ చాలదు.

చంకలో కాగితం సంచి ఉంది. చనిపోయినప్పుడు మేస్త్రీ ఒంటి మీదున్న బట్టలు అందులో ఉన్నాయి. ఆయన కూతురు రిత్సుకో పొద్దున్న దాన్ని తెచ్చి ఇచ్చింది. ఏడవలేదు, గొంతు కూడా వణకలేదు.

"బుధవారం సాయంత్రం ఆరుంబావుకి ఫోన్ చేశాడు," అంది. "రేపు ఇంజను మొదటిసారి స్టార్ట్ చేస్తున్నా, రా అమ్మా అన్నాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన ఏదో కారు కిందే దూరి ఉన్నాడు. ఒళ్ళు మండింది నాకు. చస్తే ఆ కార్లోనే చావు అని ఫోన్ పెట్టేశాను. తెల్లారేసరికి ఆ కార్లోనే ఉన్నాడు."

నెగిషి సంచి అందుకుంది.

"మా దహనశాలలో కొలిమి మీట నొక్కాల్సింది సొంత మనిషే. నాలుగింటికి నేను నొక్కాలి. నొక్కేలోపల నాకు ఒక్కటి తెలియాలి నెగిషి గారూ. నాన్న నా మాటకే పోయాడా?"

"ముఖం ఏ రంగులో ఉంది?"

"తెల్లగా. బియ్యప్పిండిలా."

కారు పొగ పీల్చి పోయినవాళ్ళ ముఖం గులాబీ రంగుకు తిరుగుతుంది. నెగిషి తన పోలీసు సర్వీసులో అలాంటివాళ్ళను పదకొండు మందిని చూసింది. తెల్లగా ఉన్నవాడు ఒక్కడూ లేడు. అందుకే టాక్సీ ఎక్కింది.

షెడ్డు గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ తొగాషి నిలబడి ఉన్నాడు. కార్ల దొంగలను పట్టడంలో పేరు తెచ్చుకుని పైకొచ్చిన మనిషి. ఇరవై ఆరేళ్ళ కిందట రిపోర్టు రాయడం కూడా చేతకాని కుర్రాడుగా ఆమె కిందే చేరాడు. రాయడం నేర్పింది ఆమె. చివరికి ఆమెకు రావలసిన కుర్చీలో అతను కూర్చున్నాడు, ఆమె రెండేళ్ళు ముందుగానే ఉద్యోగం వదిలి ఇంటికి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ అతను ఆమెను గురువుగారూ అనే పిలుస్తాడు. ఆ పిలుపులో గౌరవం ఒక్కటే ఉండదు.

"రండి గురువుగారూ. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కూతురే సంతకం పెట్టి శవాన్ని తీసుకెళ్ళింది. డాక్టరు చూశాడు. కారు పొగతో ఆత్మహత్య అని రాశాం. మీకెక్కడ నొప్పి పుట్టింది?"

"డాక్టరు ఎంతసేపు చూశాడు?"

"చూడాల్సినంతసేపు."

"పది నిమిషాలు. బట్టలు కూడా విప్పకుండా. కనుక్కునే వచ్చాను. మూసేసిన కేసు దగ్గర నీకేం పని?"

"కారు ఓనరు వస్తున్నాడు. తాళం చెవి అప్పగించాలి."

"సరే, టైములు చెప్పు."

తొగాషి నోటుపుస్తకం తీయకుండానే అప్పజెప్పాడు. పక్కన ఉల్లికాడల తోటావిడ బుధవారం రాత్రి తొమ్మిదీ ఇరవైకి ఇంజను చప్పుడు విన్నది. తర్వాత నిద్రపోయింది. గురువారం పొద్దున్న తలుపు సందులోంచి చూసి, ఆరూ ముప్పై ఎనిమిదికి స్టేషనుకు ఫోన్ చేసింది.

"ఆరూ యాభై అయిదుకల్లా నేను ఇక్కడ నిలబడ్డా. నేనే. కిందివాడి మీదకి తోసేసి పడుకోలేదు. మీ రోజుల్లో అయితే ఎవడో కుర్రాణ్ణి పంపేవారు."

"అవును. నిన్నే పంపేదాన్ని," అంటూ నెగిషి లోపలికి నడిచింది.

షెడ్డు మధ్యలో ఆ కారు ఉంది. అర్ధశతాబ్దం కిందటి ఫెయిర్‌లేడీ, రెండు సీట్లది. అందులోనూ రేసు ఇంజను పెట్టిన రకం, దేశం మొత్తం మీద నాలుగు వందల చిల్లర తయారైంది. పై ఊళ్ళో పాడుబడ్డ పట్టుపురుగుల కొట్టంలో నలభై ఏళ్ళు ఎండుటాకుల కింద పడి ఉన్నదాన్ని మేస్త్రీయే వెతికి పట్టుకున్నాడు. పాత కార్లు కూడబెట్టే కిరిషిమా అనే కోటీశ్వరుడు కొన్నాడు. పద్నాలుగు నెలలుగా మేస్త్రీ తుప్పు కోసేస్తూ, కొత్త రేకు అతుకుతూ వచ్చాడు. ఇంకా రంగు పడలేదు. ఇంజను మాత్రం కూర్చుంది.

తొగాషి ఒక ఫోటో తీసి ఆమె ముందు పెట్టాడు. డ్రైవరు తలుపు పక్కన మేస్త్రీ బూట్లు ఉన్నాయి. రెండూ జతగా, మునివేళ్ళు బయటికి తిప్పి, ఇంటి గుమ్మంలో పెట్టినట్టు ఉన్నాయి.

"చావబోయేవాడు బూట్లు విప్పి పక్కన పెడతాడు. వంతెన మీదైనా అంతే, మేడ మీదైనా అంతే. ఇది మీరే నేర్పారు."

"నేర్పాను. ఈయన బూట్లు విప్పడం గురించి ఇంకోటి కూడా ఉంది. నీకు తెలియదా?"

మేస్త్రీ దగ్గర కారు బాగుచేయించుకున్న వాళ్ళందరికీ తెలిసిన సంగతే అది. పని పూర్తయిన కారులో ఆయన ఎవరినీ బూట్లతో కాలు పెట్టనిచ్చేవాడు కాదు. ఇంట్లోకి వచ్చినట్టే రావాలి. తీసుకెళ్ళేవాళ్ళలో సగం మంది ఆ అలవాటునే జీవితాంతం పట్టుకుని ఉండేవారు.

"తెలుసు. అదే కదా నేనూ అంటున్నది," అన్నాడు తొగాషి. "బూట్లు విప్పి ఎక్కాడు."

"పూర్తయిన కారుకి విప్పుతాడు. ఇది పూర్తయిందా? తివాచీ లేదు, రంగు లేదు. వట్టి రేకు. సీటు కూడా రెండు బోల్టుల మీద నిలబడింది. ఇలాంటి దాంట్లో బూట్లు విప్పి కాలు పెడితే పాదం కోసుకుపోతుంది. నలభై ఏళ్ళు ఇదే పని చేసినవాడికి ఆ మాత్రం తెలియదా?"

"చావబోయేవాడికి పాదం మీద బెంగ ఎందుకు?"

నెగిషి జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి, లోపలికి వంగి, పెడళ్ళ కింద రేకు మీద ఒక్కసారి తుడిచింది. రుమాలు నల్లగా అయింది. బుధవారం మధ్యాహ్నం వెల్డింగు అతుకుల మీద గ్రైండరు పట్టినప్పుడు రాలిన ఇనప పొడి అది. ఊడ్చేలోపలే మేస్త్రీ పోయాడు. ఆమె సంచిలోంచి ఒక జత సాక్సులు తీసి రుమాలు పక్కన పెట్టింది. అరికాళ్ళు తెల్లగా ఉన్నాయి.

"ఈ కాళ్ళు ఈ రేకు మీద ఆనలేదు," అంది. "ఎవరో ఎత్తి కూర్చోబెట్టారు. కాళ్ళు కిందికి వదలకుండా సీటు మీదే మడిచి పెట్టారు. కూర్చోబెట్టే ముందు బూట్లు విప్పారు. అప్పటికే ఆయన పోయి ఉన్నాడు. పోయినవాడు పొగ పీల్చడు, అందుకే ముఖం తెల్లగా ఉంది. శవాన్ని కోసి చూస్తే అరగంటలో తేలుతుంది. ఒక్క కాగితం రాయి."

తొగాషి ఫోటో మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"రాయను."

"ఎందుకు?"

"అడిగింది మీరు కాబట్టి. గుడ్డపీలికలు పట్టుకుని వచ్చి నా కేసులు తిరగదోడుతూ ఉంటే, రేపు ఊళ్ళో నన్నెవడు లెక్కచేస్తాడు?" గొడుగు తీసుకుని బయటికి వెళ్ళి, చెట్టు కింద నిలిపిన తన తెల్ల వ్యాను దగ్గర నిలబడ్డాడు.

ఆమెకు కోపం కంటే అసహ్యం ఎక్కువ వేసింది. ఇలాంటివాణ్ణి తయారుచేసింది తనే.

ఒంటిగంటన్నరకు కిరిషిమా వచ్చాడు. వెనక కారును ఎక్కించుకుపోవడానికి లారీ. డెబ్భై దాటిన మనిషి, ఖరీదైన కోటు, అద్దంలా మెరిసే బూట్లు. మేస్త్రీ పోయినందుకు విచారం ఒక వాక్యంలో ముగించాడు.

"బుధవారం రాత్రి తొమ్మిదింటికి ఎక్కడున్నారు?" అడిగింది నెగిషి.

"టోక్యోలో. మనవరాలి పియానో కచేరీ. తర్వాత అందరం భోజనాలు చేశాం. కావాలంటే నలభై మంది చెప్తారు. మీరు పోలీసా?"

"కాదు. ఇది మీ కారే కదా, ఒకసారి స్టార్ట్ చేసి చూపిస్తారా?"

కిరిషిమా ఒక్క క్షణం తటపటాయించి, మెరిసే బూట్లతోనే లోపల కాలు పెట్టి కూర్చున్నాడు. తొగాషి అప్పగించిన తాళం చెవి తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఏం లాగాలో, ఏం తొక్కాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇలాంటివి నేను నడపను. ఉంచుకుంటాను."

"మొత్తం ఎన్ని ఉన్నాయి?"

"ముప్పై ఒకటి."

"ఎన్ని నడిపారు?"

"నడిపితే విలువ పోతుందమ్మా."

నెగిషి అతని పేరు మనసులో కొట్టేసింది. నలభై ఏళ్ళు నిద్రపోయిన ఇంజన్ను, మూడు కార్బరేటర్లు ఉన్నదాన్ని, మొదటిసారి లేపాలంటే అలాంటిదే ఇంకోటి ఇంట్లో ఉండి రోజూ దాని అలకలు తీర్చినవాడై ఉండాలి. పైగా కార్లోకి బూట్లతో ఎక్కడం తప్పని రక్తంలో ఇంకినవాడై ఉండాలి. ఈయన ఆ రెండూ కాడు.

"మేస్త్రీ మీతో చివరిసారి ఎప్పుడు మాట్లాడాడు?"

"బుధవారం అయిదింటికి. కారు అప్పుడే ఇవ్వలేనన్నాడు. నంబరులో ఏదో తిరకాసు ఉందట. సరిగ్గా ఇదే నంబరు ఇంకో కారు మీద చూశాను, అది కూడా నా చేతి మీదుగానే వెళ్ళింది, అప్పుడు గుర్తుపట్టలేకపోయాను అన్నాడు. ఆ ఓనరు పరువున్న మనిషి, ముందు ఆయనకే చెప్పాలి, అదే మర్యాద అన్నాడు."

"ఎవరని అడగలేదా?"

"నాది అసలుదేనా అని అడిగాను. అసలుదే అన్నాడు. ఇంక నాకెందుకు?"

వాన మొదలైంది. తడిస్తే తుప్పు పడుతుందని కిరిషిమా కారును అక్కడే వదిలి, లారీవాళ్ళను తిట్టుకుంటూ వాళ్ళతో సహా కొండ దిగి వెళ్ళిపోయాడు.

నెగిషి షెడ్డంతా కలియజూసింది. బల్ల సొరుగులన్నీ తిరగేసి, లోపలివి మళ్ళీ కుక్కి పెట్టి ఉన్నాయి. పోలీసులు వెతికారన్నమాట. ఆత్మహత్య చేసుకున్నవాడి సొరుగుల్లో ఇంతగా ఏం వెతికారో. గోడ మీద క్యాలెండరు ఉంది. గురువారం చుట్టూ ఎర్ర గీత, మంచి రోజు. బుధవారం కింద అన్ని పనులకూ చెడ్డదని అచ్చు వేసి ఉంది. మొదటిసారి ఇంజను పలికించడానికి ఆయన పెట్టుకున్న ముహూర్తం మర్నాటిది. దాని కోసం దేవుడి అర మీద సాకే అనే బియ్యపు సారా సీసా, ఉప్పు చిప్ప సిద్ధంగా ఉన్నాయి. సీసా మూత తీయలేదు.

వెతికినవాళ్ళు అన్నీ తిరగేశారు కానీ దేవుడి అర మీద చెయ్యి పెట్టలేదు. ఎవరికైనా మనసొప్పదు. నెగిషి దణ్ణంగా ఒకసారి చప్పట్లు కొట్టి, తల వంచి, క్షమించమని అడిగి, సీసా వెనక చెయ్యి పెట్టింది. బియ్యపు అప్పడాల రేకు డబ్బా తగిలింది.

డబ్బాలో పల్చటి కాగితాలు ఉన్నాయి. ఏ కారు షెడ్డులోకి వచ్చినా మేస్త్రీ దాని ఇంజను గది గోడ మీద చెక్కిన నంబరు మీద కాగితం ఉంచి పెన్సిలు రుద్దేవాడు. అంకెలు అచ్చుగుద్దినట్టు దిగేవి. కింద రంగు, తేదీ మాత్రం రాసేవాడు, ఓనరు పేరు రాసే అలవాటు లేదు. అన్నిటికంటే పైన రెండు కాగితాలు కలిపి క్లిప్పు పెట్టి ఉన్నాయి. ఒకటి నిరుటిది, ఈ కారుది. రెండోది పన్నెండేళ్ళ కిందటిది, నారింజ రంగు కారుది. రెండింటి మీదా నంబరు ఒకటే, చివర 217. పాతదాంట్లో అంకెల చుట్టూ సన్నటి గీత దిగింది. నంబరున్న ముక్క వేరేగా చేసి అతికిన గీత. ఎవరిదో దొంగిలించిన కారుకు దొంగ నంబరు తగిలించి అమ్మారు. ఎవరో కొన్నారు.

రెండూ యాభై అయింది. రిత్సుకోకు రెండుసార్లు ఫోన్ చేసింది, పూజారి మంత్రాలు చదువుతున్నట్టున్నాడు, ఫోన్ ఆపేసి ఉంది. టాక్సీవాళ్ళు రావడానికే గంట పడుతుందన్నారు. చెట్టు కింద తొగాషి వ్యాను అలాగే ఉంది. నెగిషికి వేరే దారి లేకపోయింది. వానలో తడుస్తూ వెళ్ళి కిటికీ అద్దం మీద కొట్టి, ఉన్నదంతా చెప్పింది. కాగితాలు చూపించింది.

తొగాషి చాలాసేపు చదివాడు. ముఖం వాడిపోయింది.

"నాదే తప్పు గురువుగారూ," అన్నాడు. "ఎక్కండి. దహనం ఆపమని స్టేషన్లో కాగితం రాసిస్తాను. మూడూ యాభైకి అక్కడుంటాం."

ఇరవై ఆరేళ్ళలో అతను తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. అక్కడే ఆమెకు అనుమానం రావలసింది. కానీ ఎంత చేదుగా ఉన్నా, తను తయారుచేసినవాడు చివరికి మనిషయ్యాడన్న మాట వినాలని లోపలెక్కడో ఆశ ఉండిపోయింది. ఎక్కి కూర్చుంది.

తొగాషి దిగి, వెనక ఏదో సర్ది, వానలో చుట్టూ తిరిగి వచ్చి తన వైపు తలుపు తీశాడు. సీటు మీద అడ్డంగా కూర్చుని బూట్లు విప్పాడు. రెండూ ఒకదానికొకటి కొట్టి బురద దులిపాడు. సీటు వెనక ప్లాస్టిక్ పళ్ళెంలో జతగా, మునివేళ్ళు బయటికి తిప్పి పెట్టాడు. ఇంత హడావిడిలోనూ ఏదీ మానలేదు. తలుపు వేశాక, ఆమె కాళ్ళ కింద మచ్చలేని తివాచీ మీద పడిన తడి అడుగుల వంక ఒక్క క్షణం చూశాడు.

"ఏమనుకోకండి. అలవాటు," అన్నాడు. వ్యాను కదిలింది. తలుపుల తాళాలు వాటంతటవే పడ్డాయి.

నెగిషికి అప్పుడు లెక్క తేలింది. ఫోన్ వచ్చింది ఆరూ ముప్పై ఎనిమిదికి. అతను వచ్చింది ఆరూ యాభై అయిదుకి. మధ్యలో పదిహేడు నిమిషాలు. పట్నం నుంచి ఎంత తోలినా నలభై. రాత్రంతా ఈ కొండ మీదే, ఈ డబ్బా కోసం సొరుగులు తిరగేస్తూ ఉన్నాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆమె అయితే కాగితాలు తీసుకెళ్ళి ఆ దొంగ చేతిలోనే పెట్టింది.

దారి చీలిన చోట కుడికి తిరిగితే పట్నం. తొగాషి ఎడమకు తిప్పాడు. అది ఆనకట్ట మీదికి పోయే దారి.

"ఆ నారింజ రంగు కారు నీదేనా?" అంది.

"కొన్నప్పుడు నాకు తెలియదు. ఒట్టు." గొంతు మామూలుగానే ఉంది. "దొంగ కార్లు పట్టే ఇన్‌స్పెక్టర్ని. నా ఇంట్లో దొంగ కారు. ఆ పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, టీ పోసి మరీ చెప్పాడు. రేపు మీరే వెళ్ళి చెప్పుకోండి, పరువుగా ఉంటుంది అన్నాడు. పరువు. తోశాను. అంతే. కార్లను పైకెత్తే లిఫ్టు స్తంభానికి తల కొట్టుకుంది."

"తర్వాత బూట్లు విప్పావు."

"ఆయన కార్లో బూట్లతో ఎవరినీ కూర్చోబెట్టలేను గురువుగారూ. ఆయన్నైనా సరే. చెయ్యి దానంతటదే పోయింది."

ఆమె ఒళ్ళో ఫోన్ మోగింది. రిత్సుకో.

"ఎత్తండి," అన్నాడు తొగాషి. "నొక్కమని చెప్పండి. మీ మాట వింటుంది. తర్వాత మిమ్మల్ని ఎక్కడ కావాలంటే అక్కడ దింపేస్తాను. ఆ కాగితాలు మనిద్దరం మరిచిపోదాం."

నెగిషి ఎత్తింది.

"మా ముందువాళ్ళ దహనం తొందరగా అయిపోయిందట," అంది రిత్సుకో. అదే ఎండిపోయిన గొంతు. "ఇప్పుడే కానివ్వమంటున్నారు. అందరూ నా వంకే చూస్తున్నారు. నొక్కెయ్యనా?"

"వద్దమ్మా. నొక్కకు. మీ నాన్న నీ మాటకి పోలేదు. ఆయన్ని చంపారు. చంపినవాడి బండిలోనే ఉన్నాను. ఇన్‌స్పెక్టర్ తొగాషి, ఆనకట్ట దారి. ఈ మాట అక్కడున్న అందరికీ గట్టిగా చెప్పు, ఆ మీట దగ్గరికి ఎవరినీ రానివ్వకు. వింటున్నావా?"

 అవతల రిత్సుకో ఏడవడం వినిపించింది. రెండు రోజులుగా రాని ఏడుపు అది, చిన్నపిల్ల ఏడ్చినట్టు నాన్నా నాన్నా అంటూ ఏడ్చింది.

తొగాషి ఫోన్ లాక్కోలేదు. ముఖం తిప్పి ఆమె వంక చూడనూ లేదు. ఎదురుగా ఆనకట్ట అంచు కనిపిస్తుండగా, తెల్ల సాక్సు తొడిగిన కాలు మెల్లగా యాక్సిలరేటరు మీద ఆనించి, చివరిదాకా తొక్కాడు.